రేడియో ఖర్చూ, రేడియో గొంతూ



నెలాఖరున పద్దు పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఇల్లాలికి ఒక సంగతి బాగా తెలుసు. అద్దె తగ్గించడానికి వీల్లేదు, ఇల్లుగలావిడ ఊరుకోదు. పిల్లల ఫీజు తగ్గించడానికి వీల్లేదు, బడివాళ్లు ఊరుకోరు. బియ్యం తగ్గిస్తే కంచాల దగ్గరే గొడవ మొదలవుతుంది. ఇక చెయ్యి దేనిమీదికి పోతుందయ్యా అంటే, తగ్గించినా నోరెత్తి అడగని పద్దుమీదికి పోతుంది. అందుకే ఎన్నో ఇళ్లల్లో అత్తగారి మందులూ, ఇల్లాలి గ్లాసెడు పాలూ అన్నిటికంటే ముందు కోతపడతాయి.

సర్కారువారి పద్దు పుస్తకమూ ఇంచుమించు ఇలాంటిదే. అందులో నోరెత్తి అడగని పద్దు ఒకటుంది. అది ఊళ్లలో ఉన్న చిన్న రేడియో స్టేషన్లది. చిత్రం చూడండి, రేడియో చేసే పనే మాట్లాడటం. అయినా తన ఖర్చు గురించి తాను మాట్లాడుకునే అలవాటు దానికి లేదు. తెల్లవారగానే మంగళవాద్యం వేస్తుంది, వార్తలు చెబుతుంది, ధరవరలు చెబుతుంది, రాత్రికి సెలవు తీసుకుంటుంది. తన కడుపు నిండిందో లేదో చెప్పదు.

ఇది ఇవాళ కొత్తగా పుట్టిన గొడవనుకోకండి. మన దేశంలో రేడియో వయస్సు ఎంతో, డబ్బు లేదు గనక దాన్ని మూసేద్దామన్న మాట వయస్సూ దాదాపు అంతే.

మన తెలుగువాళ్లకు దగ్గరలో మొట్టమొదట రేడియో వినిపించింది మదరాసులో. సి.వి. కృష్ణస్వామి చెట్టి గారూ మరికొందరు ఔత్సాహికులూ కలిసి 1924 మే 16న మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టుకున్నారు. జూలై 31న ప్రసారం మొదలుపెట్టారు. పాట కచేరీలు, ప్రసంగాలు వేసేవారు. సరదా అంతా క్లబ్బు సభ్యులదే, ఖర్చూ వాళ్లదే. మూడేళ్లు గడిచేసరికి చేతిలో డబ్బైపోయింది, 1927లో క్లబ్బు మూతపడింది. అయితే ఆ యంత్రాన్ని పాతసామాన్ల వాడికి వెయ్యలేదు. మదరాసు కార్పొరేషనుకు అప్పజెప్పారు. నీళ్ల కుళాయిలూ, వీధి దీపాలూ చూసే ఆ నగరపాలక సంఘం 1930 ఏప్రిల్ 1 నుంచి రేడియో కూడా నడిపింది. సెట్టు కొనుక్కోలేనివాళ్లు మెరీనా ఇసుకలో కూర్చుని లౌడ్‌స్పీకర్లలో వినేవారట. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రం వచ్చేదాకా ఆ గొంతు ఆగకుండా నిలబెట్టింది ఊరివాళ్ల పన్నుల డబ్బే.

ఇక బొంబాయి, కలకత్తాల సంగతి. అక్కడ ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అని ఒక ప్రైవేటు కంపెనీ వచ్చింది. బొంబాయి స్టేషను 1927 జూలై 23న, కలకత్తా స్టేషను ఆగస్టు 26న మొదలయ్యాయి. 15 లక్షల రూపాయల మూలధనం అనుకున్నారు, చేతికి వచ్చింది 6 లక్షలే. సెట్టున్నవాళ్లు ఏటా 10 రూపాయలు లైసెన్సు కట్టాలి, అందులో ఎక్కువ వంతు కంపెనీకి చేరాలి. కట్టినవాళ్లు కొందరే, కట్టకుండా విన్నవాళ్లు కొందరు. వచ్చేది చారెడు, పోయేది బారెడు. 1930 మార్చి 1న కంపెనీ దివాలా తీసింది. అప్పుడు సర్కారు దాన్ని తన చేతిలోకి తీసుకుని నెల తిరిగేసరికి సొంతంగా నడపడం మొదలుపెట్టింది.

సర్కారు తీసుకుంది గనక ఇక భయం లేదనుకుంటాం గదా! ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం ముదిరిన రోజులవి. ఎక్కడ ఏ ఖర్చు కనిపిస్తే దాన్ని కొట్టేస్తున్నారు. 1931 అక్టోబరులో ప్రభుత్వం రేడియో ప్రసారాలు ఆపేయాలని నిర్ణయించింది. అంటే మన దేశంలో రేడియో ఇంకా పసిబిడ్డగా ఉన్నప్పుడే దాని గొంతు నొక్కేయడానికి కాగితం సిద్ధమైంది.

అప్పుడేం జరిగిందో మనం గుర్తుపెట్టుకోవాలి. శ్రోతలూ, సెట్లు అమ్ముకునే వ్యాపారులూ గట్టిగా గోల చేశారు. పదిరూపాయలు కట్టిన మాకు సమాధానం చెప్పండన్నారు. నవంబరు 23న ప్రభుత్వం తన మాట తనే వెనక్కి తీసుకుంది. 1932లో రేడియోను కొనసాగిస్తామని ఖాయం చేసింది. దాని ఖర్చు రాబట్టుకోవడానికి విదేశీ సెట్ల మీద దిగుమతి సుంకం 25 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. డబ్బు లేదని మూయబోయినవాళ్లే డబ్బుకు దారి వెతికారన్నమాట. 1936 జూన్ 8న దానికే ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు. ఆ గోల జరిగి ఉండకపోతే, ఆ పేరు పెట్టడానికి పిల్లే మిగిలేది కాదు.

ఇక మన జంటనగరాలకు వద్దాం. ఇక్కడ 1930ల మొదట్లో మహబూబ్ అలీ అనే ఆయన చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న స్టేషను ఒకటి పెట్టారు. ఇప్పటి లెక్కలో అది రెండు పాతకాలపు వంద వాట్ల బల్బులంత. నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియోగా ప్రారంభించింది. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు పెట్టారు. ఖజానాకు లోటు లేదు. కాబట్టి ఖర్చు కోత అన్న మాట అక్కడ రాలేదు. కాని పెట్టేది ఎవరి చెయ్యి అయితే పలికేది వాళ్ల మాటే గదా. ప్రసారాల్లో ఉర్దూదే పెద్దపీట, తెలుగుకు దక్కింది కొద్ది చోటే. సంస్థానంలో ఎక్కువమంది ఇళ్లల్లో మాట్లాడుకునేది తెలుగని అందరికీ తెలిసినా సరే. 1948 సెప్టెంబరు 17న సైనిక చర్య ముగిసిన సంగతి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ రేడియోలోనే తన ప్రజలకు చెప్పవలసి వచ్చింది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది. అటు ఆంధ్రదేశంలో 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం అప్పటికే వచ్చింది.

ఆ తర్వాత మూడు నాలుగు దశాబ్దాల సంగతి మీలో పెద్దవాళ్లు నాకంటే బాగా చెప్పగలరు. పోస్టాఫీసుకు వెళ్లి 15 రూపాయలు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకునేవారు. మరచిపోతే జరిమానా. ఆ డబ్బు ఏ ఖజానా మీదుగా ఎటు పోయినా, మనకు దక్కిందేమిటో ఇంటింటికీ తెలుసు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసు నుంచి వచ్చి హైదరాబాదులో మన పిల్లలకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు సాయంత్రంపూట మన వాకిట్లోకి వచ్చి కబుర్లు చెప్పిపోయినట్టుండేది. తురగా జానకీరాణి గారు పిల్లల గొంతుల్నీ, ఆడవాళ్ల గొంతుల్నీ మైకు ముందుకు తెచ్చారు. హైదరాబాదు కేంద్రం నాటకాల్లో శారదా శ్రీనివాసన్ గారు ఏడిస్తే ఇక్కడ సికింద్రాబాదులో వంటింట్లో కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు.

ముఖ్యంగా ఆడవాళ్లకు రేడియో చేసిన మేలు ఇంకొకటుంది. కాలేజీ మెట్లెక్కని గృహిణిని కూడా పిలిచి, నీకు తెలిసిన నాలుగు మాటలు కాగితం మీద పెట్టుకురా అమ్మా అని కుర్చీ వేసి కూర్చోబెట్టింది. పచ్చళ్ల గురించి మాట్లాడినా, బాలింత పథ్యం గురించి మాట్లాడినా, ఆ మాటకు ఒప్పంద పత్రం ఉండేది, ఆమె పేరుమీద చెక్కు వచ్చేది. మొత్తం చిన్నదే కావచ్చు. కాని తన పేరుమీద వచ్చిన మొదటి డబ్బు అదే అయిన ఆడవాళ్లు ఎంతమందో. నేను మెట్రిక్ చదివినదాన్ని, నన్నిక్కడ కూర్చోబెట్టిందీ ఆ అలవాటే.

ఇప్పుడు ఒక విచిత్రం చూడండి. ఊరి గొంతు ఊళ్లోనే పలకాలని ప్రభుత్వం లోకల్ రేడియో స్టేషన్లు మొదలుపెట్టింది. మొదటిది 1984లో తమిళనాట నాగర్‌కోయిల్‌లో వచ్చింది. మనవైపు 1986లో ఆదిలాబాదు, 1989లో కొత్తగూడెం, 1990లో వరంగల్లు, నిజామాబాదు వచ్చాయి. గోండు మాట, లంబాడీ పాట, బొగ్గుగని కార్మికుడి కష్టం వినిపించడానికి చోటు దొరికింది. సరిగ్గా అదే కాలంలో, 1985లో, రేడియో లైసెన్సు ఎత్తేశారు. పదిహేను రూపాయలు మిగిలాయని అందరం సంతోషించాం. సంతోషించాల్సిందే, బీదవాళ్లకు అదొక పీడ. కాని ఆ పుస్తకంతో పాటు శ్రోతకున్న హక్కు కూడా మాట లేకుండా వెళ్లిపోయింది. 1931లో గోల చేసినవాళ్ల చేతిలో రసీదు ఉంది. ఇవాళ మన చేతిలో ఏముంది? మన డబ్బుతోనే నడుస్తోంది, అయితే అది పన్నుల్లో కలిసిపోయి వెళుతోంది. దేనికెంత కట్టామో తెలియనివాళ్లం దేనికెంత తగ్గించారో అడగలేం.

1990లో ప్రసార భారతి చట్టం చేశారు. 1997 నవంబరు 23న ఆ సంస్థ ఏర్పడింది. రేడియో, దూరదర్శన్ సర్కారు నీడ నుంచి బయటికి వచ్చి స్వతంత్రంగా నిలబడాలని ఉద్దేశం. కోడలు వేరుకాపురం పెట్టింది సరే, వెచ్చాలు మాత్రం నెలనెలా అత్తవారింటి నుంచే రావాలి. జీతాలకు ప్రధానంగా కేంద్రం ఇచ్చే గ్రాంటే దిక్కు. ఇక కార్యక్రమాలకు ప్రకటనల రాబడి వెతుక్కోవాలి. ప్రకటనలిచ్చే వ్యాపారి ఎక్కడికి వెళతాడు? సినిమా పాటలు వచ్చే చోటికి వెళతాడు, బాలింత పథ్యం చెప్పే చోటికి రాడు.

2018 డిసెంబరు నెలాఖరులో ఒక ఉత్తర్వు వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికని, 1988 నుంచి రాత్రిపూట దేశమంతటికీ వినిపిస్తున్న ఆకాశవాణి జాతీయ ఛానెల్‌ను మూసేశారు. దానితోపాటు ఐదు ఊళ్లలోని ప్రాంతీయ శిక్షణ అకాడమీలనూ మూసేశారు. అహ్మదాబాదు, లక్నో, షిల్లాంగు, తిరువనంతపురం, అయిదోది మన హైదరాబాదు. పత్రికల్లో ఇది ఒకరోజు వార్తయింది, మర్నాడు మరచిపోయాం.

శిక్షణ అంటే ఏమిటో వినేవాళ్లకు కనిపించదు. మైకుకు ఎంత దూరంలో కూర్చోవాలి, కాగితం చప్పుడు కాకుండా ఎలా తిప్పాలి, కంటికి రాసిన వాక్యాన్ని చెవికి ఎలా మార్చాలి, శ, ష, స మూడూ మూడుగా ఎలా పలకాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఇవన్నీ ఒకరు చెబితే వచ్చేవి. వంటింట్లో అమ్మమ్మ చెయ్యి తిరగకముందే అమ్మమ్మను ఊరికి పంపేస్తే, వంట ఆ పూటకు ఎలాగో అవుతుంది. రుచి పోయిన సంగతి పదేళ్లకు తెలుస్తుంది. ఖర్చు కోతలో ఉన్న కష్టమంతా ఇదే. మిగిలిన డబ్బు ఆ సంవత్సరం లెక్కలోనే కనిపిస్తుంది, పోయిందేమిటో ఏ సంవత్సరం లెక్కలోనూ కనిపించదు.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రేడియో, దూరదర్శన్‌ల వసతుల కోసం 2,539 కోట్ల రూపాయల పైచిలుకు పథకానికి ఆమోదం ఇచ్చింది. ఆకాశవాణి ఎఫ్.ఎం. దేశ జనాభాలో 68 శాతానికి అందుతుంటే దాన్ని 80 శాతానికి అందేలా చేస్తామన్నారు. మంచిదే. అందులో కార్యక్రమాల తయారీకీ చోటుంది గాని, పెద్దమాటంతా ట్రాన్స్‌మిటర్లదీ, యంత్రాలదీ. యంత్రానికి వంద కోట్లు మంజూరు చేయడం తేలిక, కొత్త యంత్రం ముందు రిబ్బను కట్టవచ్చు. ఊళ్లో ఒక మనిషిని పెట్టి, ఆమె చేత ఊరి సంగతులు చెప్పించడానికి నెలనెలా జీతం ఇవ్వడం కష్టం, దాని ముందు రిబ్బను కట్టలేరు. మంచి ట్రాన్స్‌మిటరు వచ్చి, ఎక్కడో తయారైన కార్యక్రమాన్ని అందుకుని తిప్పి వేస్తుంటే అది వింటానికి బాగానే ఉంటుంది. దాన్ని స్థానిక రేడియో అనలేం. గిన్నె వెండిదే, వంట పొరుగింటిది.

సంపన్న దేశాల్లోనూ ఇదే కథ నడుస్తోంది. ఇంగ్లండులో బి.బి.సి. వారికి 39 స్థానిక స్టేషన్లున్నాయి. 2022 అక్టోబరులో వారొక ప్రకటన చేశారు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండింటి దాకా ఎవరి ఊరి కార్యక్రమాలు వారివి, ఆ తర్వాత కొన్ని ఊళ్లకు కలిపి ఒకే కార్యక్రమం అన్నారు. అక్కడి విలేఖరులు సమ్మె కూడా చేశారు. అమెరికాలో 1967 చట్టంతో పుట్టిన ప్రజా ప్రసార సంస్థ ద్వారా చిన్న ఊళ్ల స్టేషన్లకు డబ్బు అందేది. 2025 జూలైలో అక్కడి కాంగ్రెసు, రెండేళ్లకని ముందే ఇచ్చిన సుమారు 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. ఆగస్టులో ఆ సంస్థ తలుపులు మూసుకుంటున్నానని చెప్పింది. పట్నం స్టేషన్లు చందాలతో ఎలాగో బతుకుతాయి. దిక్కులేనివి కొండల్లోనూ, పల్లెల్లోనూ ఉన్నవే. కోత ఎక్కడ పడ్డా ముందుగా తెగేది దగ్గరి గొంతే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంతకూ ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటున్నారమ్మా, చేతిలో ఫోను ఉండగా, అని మీరడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. పాటలకు ఫోను చాలు. ఢిల్లీ వార్తలకూ ఫోను చాలు. ప్రైవేటు ఎఫ్.ఎం.లు కూడా కావలసినన్ని ఉన్నాయి. కాని ప్రైవేటు ఎఫ్.ఎం.వారు సొంతంగా వార్తలు చెప్పడానికి మన దేశంలో అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలనే తిరిగి వేసుకోవచ్చు. మరి లష్కర్ బోనాల రోజున ఏ దారి మూశారో, మంజీరా నీళ్లు ఏ వార్డుకు రావో, ఫోనులో ఎవరో పంపిన కబురు నిజమో అబద్ధమో, పేరు చెప్పి బాధ్యతగా చెప్పేవాళ్లెవరు?

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు రాలేదు. 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. ఇవి ఆ ఒడ్డున ఉన్నవాళ్లకు ప్రాణంతో సమానమైన అంకెలు. అలాంటి రాత్రి కరెంటు పోతే ఫోను ఎంతసేపు పలుకుతుంది? రెండు బ్యాటరీల రేడియో సెట్టు పలుకుతూనే ఉంటుంది, అవతల పలికేవాళ్లుంటే. ఆ పలికే మనిషికి వాజేడు ఎక్కడుందో, ఏ వాగు పొంగితే ఏ దారి తెగుతుందో తెలిసుండాలి. వరద వచ్చిన రోజున అలాంటి మనిషిని బజారులో కొనుక్కురాలేం. ఏడాది పొడుగునా కూరగాయల ధరలు చెప్పించుకుంటూ ఆమెను నిలబెట్టుకుంటేనే ఆ రాత్రికి అక్కరకొస్తుంది.

నిరాశ పడనక్కరలేదు. జహీరాబాదు దగ్గర మాచ్‌నూరు అని ఒక ఊరుంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు సొంత రేడియో కావాలనుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. స్టూడియో సిద్ధమైంది, లైసెన్సు మాత్రం రాలేదు. పదేళ్లపాటు తమ మాటలూ పాటలూ క్యాసెట్లలో రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ సామాజిక రేడియో పెట్టుకునే అనుమతి వచ్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని నడిపిన ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు ఆల్గోల్ నర్సమ్మ. జొన్నలు, కొర్రలు, విత్తనాల దాపు, ఆకుపసరు వైద్యం, పండుగ పాటలు, అన్నీ తమ యాసలోనే. పేదరాలికి అన్నం కావాలి గాని రేడియో ఎందుకన్నవాళ్లకు వాళ్లే జవాబు. పదేళ్లు కనిపెట్టుకుని కూర్చున్నారంటే, తమ గొంతు తమకు ఎంత అవసరమో వాళ్లకు తెలుసు.

అయితే సంఘం రేడియో ఉంది గనక ఆకాశవాణి తన చిన్న స్టేషన్లను వదిలేయవచ్చునని అనకూడదు. పక్కింటావిడ ఒకపూట పిల్లాణ్ణి చూసిపెట్టిందని తల్లి చేతులు దులుపుకుంటుందా?

మరి మనం చేయవలసిందేమిటి? ఖర్చు తగ్గించవద్దని ఎవరూ అనరు. దుబారా ఎక్కడున్నా తగ్గించవలసిందే. ఒకే పాటను నాలుగు స్టేషన్లు నాలుగుసార్లు వేస్తుంటే కలపవలసిందే. కాని ప్రతి స్టేషనూ ఏటా తన ఊరి కార్యక్రమాలకు ఎంత ఖర్చుపెట్టిందో, యంత్రాల ఖర్చుతో కలపకుండా వేరే పద్దుగా చూపించమని అడుగుదాం. ఒక ఊరి కార్యక్రమం ఎత్తేసే ముందు ఆ ఊరి శ్రోతలతో ఒక్కమాట చెప్పమని అడుగుదాం. అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు, పోస్టుకార్డు చాలు. మీకు నచ్చిన కార్యక్రమం పేరు, మీరు వినే వేళ, మీ ఊరి పేరు రాసి మీ స్టేషనుకు పంపండి. నచ్చకపోతే ఆ మాటా రాయండి. మీ పార్లమెంటు సభ్యుడికీ ఇంకో కార్డు వెయ్యండి.

లైసెన్సు పుస్తకం పోయి నలభై ఏళ్లయింది. వింటున్నామనడానికి ఇప్పుడు మన దగ్గరున్న రసీదు ఆ ఉత్తరమే. 1931లో కొద్ది వారాల్లోనే ఉత్తర్వు తిరగబడిందంటే, వినేవాళ్లు ఉన్నారని కాగితం మీద కనిపించింది గనకనే తిరగబడింది. వింటూ కూడా మాట్లాడకుండా కూర్చుంటే, పద్దు రాసేవాళ్ల దృష్టిలో మనం విననివాళ్లమే.